"మా కాలములో" అనే మాట



పలాస నుంచి మందస వైపు గాని, వజ్రపుకొత్తూరు వైపు గాని తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రయాణము చేసేవారికి ఒక దృశ్యము తప్పకుండా కనబడుతుంది. చీకటిలో, జీడితోటల మధ్య రోడ్డు మీద, పదిమంది పదిహేనుమంది కుర్రవాళ్లు గుంపుగా పరిగెత్తుతూ ఉంటారు. కొందరికి కాళ్లకు బూట్లు కూడా ఉండవు. అక్కుపల్లి, బారువ వైపు అయితే సముద్రపు ఇసుకలో పరిగెత్తుతారు. వీరందరిదీ ఒకటే ఆశ. మిలటరీలో సెలక్షను కావాలి.

మరి రెండు గంటలు గడిచి వెలుగు వచ్చేసరికి అదే రోడ్డు పక్క టీ కొట్టు బల్ల మీద మరికొందరు కూర్చుంటారు. తెల్లని మీసము, నిటారైన నడుము, చేతిలో క్యాంటీను సంచి. ఊళ్లో వారిని "మిలటరీ తాత" అంటారు. అసలు పేరు చాలామందికి తెలియదు. తిరిగి వచ్చే కుర్రవాళ్లను చూసి వారిలో ఒకరు తప్పక అంటారు: "ఇదేటి పరుగురా? మా కాలములో అయితే..."

ఈ నెల ఆ మాటను గురించే మాట్లాడుకోవాలని మా కోరిక.

మా ఉద్దానము, టెక్కలి ప్రాంతములలో మిలటరీ జీతము మీద, పెన్షను మీద నిలబడిన ఇళ్లు ఎన్నో. భూమి తక్కువ. కొబ్బరి, జీడి, చేపల వేట తప్ప వేరే ఆధారము లేని కుటుంబములలో ఒక కొడుకు సైన్యములో చేరితే ఇంటికి పెంకు పడింది, చెల్లెలికి పెళ్లయింది, తమ్ముడు చదువుకున్నాడు. కాబట్టి ఆ తాతల మాటను మేము తేలికగా తీసుకోలేము. వారి దగ్గర కూర్చొని వినడము మాకు ఇష్టము కూడా.

వారు చెప్పే సంగతులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నల్ల రేకు పెట్టె మీద తెల్ల రంగుతో పేరు, నంబరు రాయించుకొని రైలెక్కడము. ఒకరు గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటరుకు, ఒకరు బెంగుళూరులో మద్రాస్ సాపర్లకు, ఒకరు నీలగిరులలో వెల్లింగ్టనుకు. అక్కడ కొత్తవాడిని రంగ్రూటు అంటారు, నేర్పేవాడిని ఉస్తాద్ అంటారు, వంటశాల లంగరు. బూటు మెరుపులో ఉస్తాద్ ముఖము కనబడాలి. కనబడకపోతే బూట్లు మెడకు తగిలించుకొని మైదానము చుట్టూ తిరగాలి. దుప్పటి మడత గీత గీసినట్టు ఉండాలి. ఇంటికి ఉత్తరము రాస్తే జవాబుకు "56 ఏ.పి.ఓ." అనే చిరునామా తప్ప తామున్న ఊరి పేరు రాయకూడదు. రేడియోలో జవాన్ల కోసము వచ్చే జయమాల కార్యక్రమమే పండుగ. అందరికంటె పెద్దవారు 1962 సంగతి ఎత్తుతారు. మంచు కొండలలో మన జవాన్లు నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో, పాత .303 తుపాకులతో చైనా సైన్యమునకు ఎదురు నిలిచిన రోజులవి.

ఈ మాటలు విని విని, మేము ఒక తప్పు చేశాము. దానిని దాచకుండా చెప్పాలి.

రెండేళ్ల క్రితము ఒక యౌవనస్థుల ఆదివారము నాడు వాక్యము చెబుతూ, ఈ తాతలను చూపించి, "వీరిలో ఉన్న క్రమశిక్షణ నేటి యువకులలో ఏదీ? సెల్‌ఫోను పట్టుకున్న చేయి తుపాకీ పట్టగలదా?" అని గట్టిగా అన్నాము. ముందు వరుసలోని పెద్దలు తలలు ఊపారు. వెనుక కూర్చున్న యువకులు తలలు దించుకున్నారు. మేము అది పశ్చాత్తాపమని అనుకొని సంతోషించాము.

ఆరాధన అయ్యాక ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. కోపముగా కాదు, చాలా మెల్లగా అడిగింది. "అయ్యగారూ, మా గుంటడు ఏడాది నుంచి నాలుగింటికే లేచి పరిగెడతన్నాడు. పగలు జీడి ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తన్నాడు. మీరు సూడనేదా?"

మా దగ్గర జవాబు లేదు.

ఆ అబ్బాయి ఆ తరువాత కొన్ని నెలలకు అగ్నివీరుడుగా సెలక్టయ్యాడు. ఇంట్లో అందరూ సంతోషించారు, ఒక్క తాత తప్ప. ఆ తాత 1968లో ఆర్టిలరీలో చేరి, 1971 యుద్ధము చూసి, హవల్దారుగా పెన్షను పుచ్చుకున్న మనిషి. మనుమడు మిలటరీకి వెళ్తుంటే ఎక్కువ సంతోషించవలసినవాడు ఆయనే. కాని ఆయన మనుమడితో మాటలు మానేశాడు. వాడు బయలుదేరిన రోజున పలాస స్టేషనుకు ఇంటిల్లిపాదీ వెళ్లారు, తాత వెళ్లలేదు. ఆ సాయంత్రము కోడలు మా ఇంటికి వచ్చి, ఆయనతో మాట్లాడమని కన్నీళ్లతో అడిగింది. యౌవనస్థుల ఆదివారము నాడు మమ్మల్ని ప్రశ్న అడిగిన తల్లి ఆమెయే.

మేము వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నారు. "హవల్దారుగారూ, అబ్బాయి బండెక్కాడట గదా" అన్నాము.

"నాలుగేళ్లకి మిలటరీ ఏటండి అయ్యగారూ? నాలుగేళ్లకి బూటు కూడా అరగదు" అన్నారాయన.

ఆ మాటలో ఆయన బాధ ఉన్నది. మన పాఠకులలో తెలియనివారికోసము చెబుతున్నాము. 2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వము అగ్నిపథ్ పథకమును ప్రకటించినది. పదిహేడున్నర ఏళ్ల నుంచి ఇరవై ఒక్క ఏళ్ల వారిని శిక్షణతో కలిపి నాలుగేళ్లకు తీసుకోవడము, ఆ తరువాత వారిలో 25 శాతము వరకు రెగ్యులరు సర్వీసులో ఉంచడము, మిగిలినవారికి సేవానిధి పేరుతో సుమారు 11.71 లక్షల రూపాయలు ఇచ్చి పంపడము ఆ ప్రకటనలోని ముఖ్యాంశములు. పెన్షను లేదు. పాత పద్ధతిలో సిపాయి పదిహేనేళ్లు చేస్తే జీవితాంతము పెన్షను వచ్చేది. కరోనా వలన రెండేళ్లు భర్తీలు ఆగి ఎదురుచూస్తున్న కుర్రవాళ్లకు ఈ వార్త పిడుగులా తగిలింది. జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో అల్లర్లు జరిగి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు చనిపోయాడు. పథకము మంచిదా చెడ్డదా అనేది ఈ పేజీలో తేల్చే సంగతి కాదు. కాని పెన్షను మీద నిలబడిన ఇంటి పెద్ద, మనుమడికి ఆ ఆధారము లేదని తెలిసినప్పుడు పడే వేదనను మనము అర్థము చేసుకోవాలి. ఆయన ఆ వేదనను వేదనగా చెప్పలేదు. "మా కాలములో స్టాండర్డు వేరు" అని చెప్పాడు.

ఆ స్టాండర్డు సంగతే కదుపుదామని మేము అడిగాము. "మీరు చేరినప్పుడు మీ పెద్దలేమన్నారు?"

ఆయన కొంచెము సేపు ఆగి నవ్వారు. ఆయన చిన్నాన్న ఒకాయన 1942లో, జపాను విమానములు విశాఖపట్నము మీద, కాకినాడ మీద బాంబులు వేసిన ఏడాదిలో, పట్టాళములో చేరి బర్మా వైపు వెళ్లి వచ్చాడట. ఈయన 1968లో మొదటి సెలవుకు యూనిఫారముతో వస్తే ఆ చిన్నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "దొరల కింద పని సేసినోల్లం మేము. మీదేటిరా మిలటరీ, ఇస్కూలు పిల్లల డ్రిల్లు" అన్నాడట.

"మరి మీకు ఎలాగ అనిపించింది?" అన్నాము.

"రాత్రంతా నిద్ర పట్టనేదు" అన్నారు. అని, మా ముఖము చూసి, తల తిప్పుకున్నారు.

ప్రియ పాఠకులారా, ఇది కొత్త సంగతి కాదు. ప్రతి తరమువారూ తరువాతి తరమును చూసి ఈ మాటే అన్నారు. మన తెలుగువారి సిపాయి చరిత్ర పాతది. కంపెనీ రోజులలో బెంగాలులో సిపాయికి "తిలంగా" అనే పేరే పడిపోయింది, ఎందుకంటే మొదట అక్కడికి వెళ్లిన సిపాయిలలో మన తెలుగు ప్రాంతపువారు ఎక్కువ. అది గర్వపడదగిన సంగతే. కాని ఆ పాత రోజులలో అందరూ గీత గీసినట్టు నిలబడ్డారని అనుకుంటే పొరపాటు. 1780 అక్టోబరులో, హైదరాలీతో యుద్ధమునకై ఓడ ఎక్కి మద్రాసు వెళ్లమన్నప్పుడు, విశాఖపట్నములోని సిపాయిలే ఎదురు తిరిగి తమ అధికారుల మీద కాల్పులు జరిపారు. ఆనాటివారికీ ఇల్లు ఉన్నది, భయము ఉన్నది, తమకు జరిగిన అన్యాయము మీద కోపము ఉన్నది. బంగారు కాలమని ఒకటి మన వెనుక ఎక్కడా లేదు.

ప్రసంగి గ్రంథము 7వ అధ్యాయము 10వ వచనము చదవండి. గడిచిన దినములు ఈ దినములకంటె మేలైనవి ఎందుకని అడగవద్దనీ, అట్లు అడగడము జ్ఞానము కాదనీ అక్కడ ఉన్నది. మేము ఆ వచనము మీద ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ యౌవనస్థుల ఆదివారము నాడు మాత్రము మాకు గుర్తు రాలేదు.

మేము ఇలా మాట్లాడుతుండగా ఆయన భార్య టీ తెచ్చి గుమ్మము దగ్గర కూర్చున్నది. ఆయన మాట మార్చడానికి, మేము ఇదివరకు చాలాసార్లు విన్న సంగతి ఎత్తారు. 1971లో యుద్ధమునకు ముందు, తూర్పు సరిహద్దులో ఉన్నప్పుడు, ఆయన పెద్ద కూతురు ఏడాది బిడ్డ, జ్వరము వచ్చి చనిపోయింది. ఉత్తరము పన్నెండు రోజులకు అందింది. "సదువుకొని జేబులో పెట్టుకొని డ్యూటీకి పోనాను. లీవు అడగనేదు. అదీ మా కాలము. ఇప్పుడు గుంటలకి ఫోను లేకపోతే అన్నము దిగదు" అన్నారు.

ఈ సంగతి ఆయన చెప్పినప్పుడల్లా మేము చేతులు జోడించేవారము. ఒకసారి ప్రసంగములో కూడా వాడుకున్నాము. ఆ రోజు మాత్రము గుమ్మము దగ్గర నుంచి ఆమె మాట వినిపించింది.

"ఆ ఫోనే అప్పుడుంటే బాగుండును అయ్యగారూ. గుంట సచ్చిపోయిన పన్నెండు రోజులు ఈయన అక్కడ నవ్వుతా ఉన్నాడు గదా అని నాకు ఇప్పటికీ గుండె కోసుకుపోతాది. గుంట కోసము నాను ఒక్కదాన్నే ఏడ్సినాను. టెలిగ్రాము ఇచ్చేవోడు ఈదిలోకి వొస్తే కాగితము ఇప్పకముందే ఈది ఈదంతా ఏడ్సేది. ఈయన లీవు అడగనేదని గొప్పగా సెప్తాడు. ఆ మాట ఇన్నప్పుడల్లా, అడగొచ్చు గదా అనుకుంటాను. యాభై ఏళ్లు దాటినాది. ఎప్పుడూ పైకి అననేదు."

ఆ అరుగు మీద చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. సైనికుని స్టాండర్డు గురించి మనము ఎన్నో మాటలు చెబుతాము. ఆ స్టాండర్డు బరువులో సగము మోసినది ఇంటి దగ్గర ఉన్న స్త్రీ. మనియార్డరు వచ్చిన నెల సరిపెట్టుకొని, రాని నెల అప్పు చేసి, అత్తమామలను చూసుకొని, పిల్లలను పెంచి, చనిపోయిన బిడ్డను ఒంటరిగా మట్టిలో పెట్టినది ఆమె. ఆమెకు పతకము లేదు, క్యాంటీను కార్డు మీద ఆమె సర్వీసు రాయరు.

అప్పుడు ఆయన మా వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ చెప్పారు.

"అడిగినాను."

ఆమె తల ఎత్తింది.

"అడిగినాను. ఉత్తరము పట్టుకొని పరిగెత్తుకుంటా పోయి అడిగినాను. లీవులన్నీ ఆపేసినారు, నవంబరు నెల అది. నాను గుడారము ఎనక కూకొని ఏడ్సినాను. మా హవల్దారు తమిళాయన. ఆయనకి తెలుగు రాదు, నాకు తమిళము రాదు. ఇద్దరికీ వొచ్చినది మిలటరీ హిందీ. ఆయన వొచ్చి ఉత్తరము తీసుకున్నాడు. సదవలేడు గదా. అయినా దాని వైపు సూసినాడు. నన్ను పడుకోమని సెప్పి, ఆ రాత్రి నా డ్యూటీ, తన డ్యూటీ రెండూ ఆయనే సేసినాడు. పొద్దున్న నాకు టీ తెచ్చి ఇచ్చినాకే తాను తాగినాడు. ఈ మాట నాను ఎవురికీ సెప్పనేదు. మిలటరీ మనిషి ఏడ్సినాడంటే ఏటి బాగుంటాది?"

యాభై ఏళ్లుగా ఆయన చెబుతూ వచ్చిన కథలో ఉన్న ఉక్కు మనిషి నిజముగా లేడు. ఉన్నది ఇరవై రెండేళ్ల తండ్రి. అతని పక్కన, తన నిద్ర మానుకొని కిందివాని బరువు మోసిన ఒక పెద్ద. ఆయన మనకు దాచినది సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఆ కాలపు స్టాండర్డులో అన్నిటికంటె గొప్పది అదే.

ఇంటికి వస్తూ మేము ఆలోచించాము. 1932 డిసెంబరులో డెహ్రాడూనులో ఇండియన్ మిలటరీ అకాడమీ ప్రారంభమైనప్పుడు సర్ ఫిలిప్ చెట్వుడ్ అనే అధికారి చేసిన ప్రసంగములోని భావము అక్కడ నేటికీ గోడ మీద ఉన్నది. అధికారికి దేశ క్షేమము మొదటిది, తన కింద ఉన్న మనుష్యుల క్షేమము రెండవది, తన సొంత సుఖము ఎల్లప్పుడూ చివరిది అని దాని సారాంశము. బూటు మెరుపు గురించి అందులో ఏమీ లేదు.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు కూడా సైనికులు వచ్చి తామేమి చేయాలని అడిగారు. లూకా సువార్త 3వ అధ్యాయములో ఆయన వారికి ఇచ్చిన జవాబు చూడండి. ఉద్యోగము మానమని చెప్పలేదు, ఇంకా గట్టిగా కవాతు చేయమనీ చెప్పలేదు. బలము ఉన్నది గదా అని ఎవరినీ బాధపెట్టవద్దు, అబద్ధపు నేరము మోపవద్దు, జీతముతో తృప్తిపడండి అన్నాడు. మూడూ బలహీనులతో ఎలా నడుచుకోవాలనే సంగతులే. అదే సువార్త 7వ అధ్యాయములోని శతాధిపతి వంద మందికి ఆజ్ఞ ఇవ్వగలవాడు, పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు. అయినా ఆయన ప్రభువు దగ్గరకు పెద్దలను పంపినది తన కోసము కాదు, జబ్బుపడిన తన దాసుని కోసము. ఆజ్ఞాపించడము తెలిసినవాడు బతిమాలడము కూడా నేర్చుకున్నాడు.

ఆ రాత్రి మాకు ఇంకొకటి గుర్తు వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానమంతా నేలమట్టమైన సంగతి మన పాఠకులు మరచిపోరు. ముప్పై నలభై ఏళ్ల కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగి రోడ్ల మీద పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. మా పల్లెకు బయటినుంచి మనిషి వచ్చే దారి లేదు. ఆ ఉదయము ఈ హవల్దారుగారే ఇంటింటికీ వెళ్లి కుర్రవాళ్లను లేపారు. గొడ్డలి ఉన్నవారు ఒక జట్టు, తాళ్లు ఉన్నవారు ఒక జట్టు, నీళ్లు మోసేవారు ఒక జట్టు. మొదట రోడ్డు, తరువాత ఒంటరిగా ఉన్న ముసలివారి ఇళ్లు, చివరకు సొంత ఇళ్లు. ఆయన ఇంటి కప్పు రేకులు మూడవ రోజు దాకా పడిన చోటే ఉన్నాయి. అప్పుడు పదిహేనేళ్లున్న ఆ మనుమడు బిందెలతో నీళ్లు మోశాడు. మందిరము దగ్గర గంజి కాచి పోస్తే, ఆయన అందరూ తాగేవరకు నిలబడి, అడుగున మిగిలినది తాగారు. మేము అది చూసి, ఆకలి లేదేమో అనుకున్నాము. 1971లో ఒక తమిళ హవల్దారు పొద్దున్న టీ తాగిన క్రమమే అదని మాకు ఏడేళ్ల తరువాత అర్థమైంది.

ఇంకొక సంగతి గమనించాలి. ఆ మూడు రోజులలో ఆయన నోట "మా కాలములో" అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. చేతికి పని, పక్కన పిల్లలు ఉన్నప్పుడు ఆయనకు ఆ మాట అవసరము కాలేదు.

కాబట్టి మిలటరీ తాతలను కించపరచవద్దని యౌవనస్థులకు మా మనవి. వారు ఊరకనే గొణగడము లేదు. పద్దెనిమిదేళ్లప్పుడు వెళ్లి, జీవితములో మంచి వయస్సంతా భాష తెలియని చోట గడిపి, తిరిగి వచ్చేసరికి తోటివారు వేరే మనుష్యులయ్యారు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతిసేనలో పనిచేసి వచ్చిన ఒకాయన మాతో, "మేము ఎక్కడికి ఎల్లినామో, ఎందుకు ఎల్లినామో ఊళ్లో ఒక్కడూ అడగనేదు" అన్నారు. అడిగేవారు లేనప్పుడు మనిషి చెప్పిన కథే మళ్లీ చెబుతాడు. మీరు కూర్చొని అడగండి. యుద్ధము గురించి కాదు, "మొదటి రాత్రి ఎలా గడిచింది తాతా? ఇల్లు గుర్తుకు వచ్చిందా?" అని అడగండి. అప్పుడు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

పెద్దలకు కూడా ఒక మనవి. మీ కాలములో మంచి ఉన్నది, దానిని మాకు ఇవ్వండి. వేళకు లేవడము, మాట ఇస్తే నిలబడడము, ఒకరి కులమూ భాషా అడగకుండా ఒకే లంగరులో తినడము, చేతికి వచ్చిన సర్కారు సొమ్ము ముట్టకపోవడము, ఇవన్నీ మా పిల్లలకు కావాలి. కాని ఆ కాలములో ఉన్నదంతా స్టాండర్డు కాదు. ఉస్తాద్ చేతి దెబ్బలు, సాయంకాలపు రమ్ము ఇంటిదాకా రావడము, దుఃఖము వస్తే మింగి ఊరుకోవడము కూడా ఆ పెట్టెలోనే వచ్చాయి. వాటిని పిల్లలకు అప్పగించనవసరము లేదు. వాటి వలన బాధపడిన భార్యలు, పిల్లలు మన సంఘములలో ఉన్నారు.

నాలుగేళ్ల సర్వీసువాడు నిజమైన సైనికుడా అని అనుమానించేవారికి ఒక పేరు చెబుతాము. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమునకు చెందిన మురళీ నాయక్ అగ్నివీరుడుగా చేరినవాడే. 2025 మే నెలలో జమ్మూ కాశ్మీరు సరిహద్దులో జరిగిన కాల్పులలో ప్రాణము విడిచాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. అతడు ఎన్నేళ్ల సర్వీసుకు సంతకము చేశాడని ఆ తల్లి ముందు నిలబడి ఎవరు అడగగలరు? బూటు అరిగిందో లేదో చూసి మనిషిని కొలవలేము.

ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయములో, కొత్త దేవాలయమునకు పునాది వేసినప్పుడు, మొదటి మందిరమును చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు, మిగిలినవారు సంతోషముతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో దూరమున ఉన్నవారికి తెలియలేదని అక్కడ ఉన్నది. వృద్ధులను ఏడవవద్దని ఎవరూ గద్దించలేదు. వారి ఏడుపు వలన పునాది పని కూడా ఆగలేదు. మన ఇళ్లలో కూడా రెండింటికీ చోటు ఉండాలి.

ఆ అబ్బాయి శిక్షణ ముగించుకొని మొదటి సెలవుకు వచ్చాడు. పలాస స్టేషనులో తెల్లవారుజామున బండి దిగాడు. హవల్దారుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఎవరికీ చెప్పకుండా, బండి వేళకు గంట ముందే ప్లాట్‌ఫారము మీద ఉన్నారట. మనుమడు పాదములకు నమస్కరించబోతే భుజము పట్టుకొని ఆపారట. బూట్ల వైపు చూడలేదు, శాల్యూటు ఎలా చేస్తావని అడగలేదు.

"అన్నము బాగా పెడతన్నార్రా?" అని అడిగారట.

వాడు, "పెడుతున్నారు తాతా" అన్నాడట. అని, కొంచెము ఆగి, "మొదటి నెల రాత్రిళ్లు ఏడుపొచ్చేది" అన్నాడట.

"నాకూ వొచ్చేది" అన్నారట తాత.

ఈ మాట మాకు ఆ అబ్బాయే చెప్పాడు. మరుసటి ఆదివారము మేము సంఘము ముందు, ఆనాటి ప్రసంగములో యువకులను గురించి అన్న మాట తప్పని ఒప్పుకొని క్షమాపణ అడిగాము. వెనుక వరుసలో కొందరు తలలు ఎత్తి చూశారు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో లూకా 3వ అధ్యాయములో సైనికుల ప్రశ్న ఉన్న భాగమును ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఇంట్లో మిలటరీ తాత ఉంటే ఆయన చేత చదివించండి. చదివిన తరువాత ఆయనను ఒకటే అడగండి: "మీ బరువు ఎప్పుడైనా వేరే ఎవరైనా మోశారా?" ఆయన చెప్పేవరకు ఓపికగా ఉండండి. నాయనమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకొని, ఆమెను కూడా అడగండి.

సరిహద్దులలో ఉన్న మన బిడ్డల కోసము, వారి ఫోను కోసము రాత్రి మేలుకొని ఉండే తల్లుల కోసము ప్రార్థన చేయడము మరువకండి. వచ్చే నెల మరల కలుసుకుందాము.